పోస్టమ్మ ఇల్లు చూపించిన ఆదివారం

ఇల్లు అమ్మదలుచుకున్నవాళ్ళెవరైనా ఎండలు ముదిరాక అమ్ముతారు. అప్పుడు గోడలు పొడిగా ఉంటాయి, తలుపులు బిగుసుకోవు, సాయంత్రం ఆరున్నరకి కూడా గదుల్లో వెలుగుంటుంది, చూడ్డానికొచ్చినవాళ్ళూ కాస్త హుషారుగా ఉంటారు. నడి చలికాలంలో, కిటికీ తీస్తే మంచు, మూస్తే రంగువాసన అన్నట్టుండే రోజుల్లో ఇల్లు అమ్మకానికి సిద్ధం చేసుకోవడమంటే ఒళ్ళు హూనం చేసుకోవడమే. ఈ సంగతి ఇంకోపూత మేస్త్రికి తెలియదా? నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి రంగులేసినవాడికి తెలియకేం. కానీ అతని భార్య పోస్టమ్మ పట్టుబట్టింది. ఈ చలికాలంలోనే అమ్మేయాలి, ఎండాకాలం దాకా ఆగేది లేదు అంది. ఎందుకే అంత తొందర అంటే, మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు అంది. అది అబద్ధం.

మేస్త్రికి ఆ పేరు ఊరికే రాలేదు. ఒప్పుకున్నన్ని పూతలూ వేసేసి, బ్రష్షులు కడిగేసుకుని, నిచ్చెన భుజానికెత్తుకుని గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగి గోడవంక చూసి, "ఇంకో పూత పడితే బాగుంటుందండీ" అనేవాడు. ఇంటివాళ్ళు వద్దు మొర్రో అన్నా వినేవాడు కాదు. పోస్టమ్మ సంగతి వేరు. తపాలా ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు వేరుచేసే పని చేసింది. గోడ నిండా అరవై నాలుగు అరలు. చిరునామా చదివి, తల ఎత్తకుండానే ఉత్తరం విసిరితే దాని అరలోనే పడేది. ఉద్యోగం మానేసి ఆరేళ్ళయినా వీధి వీధంతా ఆమెని పోస్టమ్మ అనే పిలుస్తారు.

ఇప్పుడు ఆమెకి ఉత్తరం ఇస్తే, అది ఉత్తరమని మాత్రం చెప్పగలదు. రెండేళ్ళ కిందట చూపు నడిమధ్యలో ఒక మసక మచ్చ పడింది. పక్కలు కనిపిస్తాయి, మధ్య కనిపించదు. ఎదురుగా మనిషి నిలబడితే చెవులు కనిపిస్తాయి, ముక్కు కనిపించదు. మొదట్లో పెసరగింజంత మచ్చ, ఇప్పుడు పళ్ళెమంత అయింది, పక్కల మిగిలిందీ పొగమంచులోంచి చూస్తున్నట్టే ఉంది. డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. "ఇది తగ్గేది కాదమ్మా, ఇంకొంచెం నిదానంగా పోయేలా చూద్దాం" అన్నాడాయన. ఇంటికొచ్చి, కళ్ళజోడు మార్చమన్నారు అని చెప్పింది. నమ్మించడానికి కొత్త జోడు కొనుక్కుంది కూడా. ఆ జోడుతో కొత్తగా కనిపించిందేమీ లేదు, ముక్కు మీద బరువు తప్ప.

దాచడమెందుకు అంటారా? కారణం ఉంది. ఇల్లు అమ్మేద్దామనుకున్న రోజు పక్క ఊళ్ళో ఉండే కూతురు ఫోన్ చేసి, "వేరే ఇల్లెందుకు నాన్నా, మా ఇంట్లో వెనక గది ఖాళీయేగా, వచ్చేయండి" అంది. మేస్త్రి కాసేపు ఆలోచించి, "చూద్దాం తల్లీ. మీ అమ్మ చూపు ఈమధ్య కాస్త మందగించింది. అది మరీ తగ్గితే మీ దగ్గరికే వచ్చేస్తాం. బాగున్నన్నాళ్ళూ మా తిప్పలు మేం పడతాం" అన్నాడు. ఈ మాట పోస్టమ్మ పక్కనే కూర్చుని వింది. అంతకు వారం ముందే ఇద్దరూ బజారు వెనక సందులో ఒక చిన్న ఇల్లు చూసుకొచ్చారు. కింద ఇల్లే, రెండే గదులు, మెట్లు లేవు. ఈ ఇల్లు అమ్ముడవగానే అది తీసుకోవాలని అనుకున్నారు.

కూతురు బంగారంలాంటి పిల్ల, ఆమెని అనడానికి లేదు. కానీ పోస్టమ్మ గతేడాది అక్కడ పదిహేను రోజులుండి వచ్చింది. పొయ్యి దగ్గరికి వెళితే, నువ్వు కూర్చో అమ్మా. బట్టలు మడత పెట్టబోతే, నువ్వు కూర్చో అమ్మా. తలుపు కొట్టిన చప్పుడికి లేవబోతే అల్లుడు కూడా, మీరు కూర్చోండి అత్తయ్యా. ఆ పదిహేను రోజుల్లో ఆమె కూర్చున్నంత కూర్చోవడం అంతకుముందు అరవై నాలుగేళ్ళలో కూర్చోలేదు. కళ్ళు కనిపించడం లేదని తెలిస్తే ఇక ఆ కుర్చీలోంచి లేవనివ్వరు. అందుకే ఆమెకి తొందర. ఎండలొచ్చేసరికి ఈ కాస్త చూపూ పోతుంది, అప్పుడు దాచడం ఆమె తరం కాదు. ఈలోగా ఇల్లు అమ్మి రెండు గదుల్లో పడ్డారంటే చాలు, ఆ తర్వాత తెలిస్తే తెలిసింది.

ఇంత పెద్ద సంగతి మొగుడికి రెండేళ్ళపాటు తెలియకుండా ఎలా ఉంటుందని మీకు అనుమానం రావచ్చు. ఉంటుంది. గోడమీద వెంట్రుకవాసి బీట ఉంటే గది అవతల నుంచి పట్టేసే మనిషి, పెళ్ళాం మొహంలోకి తేరిపార చూసి ఎన్నాళ్ళయిందో అతనికే తెలియదు. పైగా ఆమె ఆ ఇంట్లో కళ్ళతో తిరగడం ఎప్పుడో మానేసింది. ఇంటి లోపాలన్నీ ఆమెకి గుర్తులు. పదహారు మెట్లలో ఎనిమిదోది కిర్రుమంటుంది, అంటే మెట్లు అక్కడ కుడివైపుకి మలుపు తిరుగుతున్నాయన్నమాట. భుజంతో ఒక తోపు తోస్తేగానీ తెరుచుకోని తలుపు వంటింటిది. నడవా గోడకి తువ్వాలు తగిలించే మేకు చేతికి తగిలిందంటే తర్వాతి తలుపు స్నానాలగది. పడగ్గది గడప దగ్గర విరిగిన పలక పాదానికి గరుగ్గా తగులుతుంది. ఇల్లంతా అలా చేతులతో, పాదాలతో చదువుకుంటూ తిరిగేది. బయటివాళ్ళు చూస్తే, పోస్టమ్మ ఈ వయసులో కూడా ఎంత చలాకీగా తిరుగుతోందో అనుకునేవాళ్ళు.

మేస్త్రి మరమ్మతులు మొదలుపెట్టేసరికి ఆమె గుండెల్లో రాయి పడింది.

మొదట వంటింటి తలుపు. బందులు ఊడదీసి, తలుపు కింద పడుకోబెట్టి, చిత్రిక పట్టి, మళ్ళీ బిగించాడు. సాయంత్రం ఆమె అలవాటుగా భుజంతో ఒక్క తోపు తోసేసరికి తలుపు గాలికి తెరుచుకున్నట్టు తెరుచుకుంది, ఆమె వెళ్ళి గ్యాసు పొయ్యిమీద పడబోయి గట్టు పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఎలా ఉంది? వేలితో తోస్తే చాలు!" అన్నాడు మేస్త్రి గర్వంగా.

"బాగుంది. చచ్చేంత బాగుంది" అంది పోస్టమ్మ.

మర్నాడు విరిగిన పలక పోయి కొత్త పలక వచ్చింది. ఆ మర్నాడు ఎనిమిదో మెట్టుకి స్క్రూలు బిగించాడు. "ఆ మెట్టు అలా ఉండనివ్వరాదూ, ఇన్నేళ్ళ నుంచీ ఉన్నదేగా" అని అడిగింది. "కొనడానికొచ్చినవాడు కాలు పెట్టగానే కిర్రుమంటే ఇంకేం కొంటాడే? ఇల్లంతా ఇలాగే ఉందనుకోడూ!" అన్నాడు. అతను చెప్పిందీ సబబే. ఏమని వాదిస్తుంది? చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా వినే మనిషి కాదు, కారణం చెప్పకుండా పోరడానికి ఆమెకి నోరూ లేదు. ఇల్లు పీకి పందిరేస్తున్నాడని పైకి విసుక్కుని ఊరుకుంది.

తర్వాత సామాను కదలడం మొదలైంది. గోడలకి రంగెయ్యాలంటే బీరువాలు గది మధ్యకి రావాలి. ఇవాళ ఇక్కడున్న కుర్చీ రేపు అక్కడుంటుంది. ఉప్పు డబ్బా ఉన్న అరలో మేకుల డబ్బా, మేకుల డబ్బా ఉన్న చోట తిన్నరు సీసా. బీరువా మూల కొట్టుకుని ఆమె కనుబొమ్మ దగ్గర కమిలిపోయింది.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావే?" అన్నాడు మేస్త్రి, గుడ్డ తడిపి అద్దుతూ.

"మీ పుట్టీ డబ్బాలో" అంది. ఇద్దరూ నవ్వారు. అతను మామూలుగానే నవ్వాడు.

పనేమో సాగదు. ఎండాకాలంలో పూటకి ఆరే పూత ఇప్పుడు రెండు రోజులకీ చేతికంటుతోంది. మేస్త్రి గది హీటరు తెచ్చి గోడ ముందు పెట్టి, పక్కనే ముక్కాలిపీట వేసుకుని, బాలింతకి చలికాచినట్టు గోడకి కాచేవాడు. పని మధ్యలో చాలాసేపు చప్పుడు ఉండేది కాదు. రోలరు నాలుగుసార్లు సర్రుమని, ఆగిపోయేది. మళ్ళీ నాలుగుసార్లు, మళ్ళీ ఆగేది. పోస్టమ్మ వంటింట్లోంచి వింటూ, మనిషి చాదస్తం ముదిరింది, నాలుగేసి గీతలకీ నిలబడి చూసుకుంటున్నాడు అనుకునేది. ఇద్దరికీ పొద్దున లేస్తే నిన్నటి అలసట అలాగే ఉండేది. మాట్లాడుకోవడం కూడా తగ్గిపోయింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆమె సొంత ఇంట్లో తప్పిపోయింది. మూడున్నరకే మబ్బు కమ్మి చీకటి పడ్డట్టయింది. మేస్త్రి రంగు కొనుక్కురావడానికి బయటికెళ్ళాడు. ఆమె నడవాలో గోడని తడుముకుంటూ స్నానాలగదికి బయల్దేరింది. మేకు తగల్లేదు. ఇంకా ముందుంటుందేమో అనుకుని నడిచింది. చేతి కింద గోడ నున్నగా, చల్లగా, ఎక్కడా ఒక ఉబ్బు, ఒక గీత లేకుండా పోతూనే ఉంది. ఒక తలుపు తగిలితే తెరిచింది. చీపుర్ల వాసన. మూసేసి వెనక్కి తిరిగింది. ఎటు తిరిగిందో తెలియలేదు. మేకు పీకేసి, కన్నం పూడ్చేసి, ఎమరీ పేపరు పట్టి, పైన రెండు పూతలేశాడని అప్పుడు అర్థమైంది. ముప్ఫై మూడేళ్ళు కాపురం చేసిన ఇంట్లో, నడవా మధ్యలో, ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయింది. భయం వేసింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఏడుస్తుంటే ఒళ్ళు మండింది, మొగుడిమీద, చలికాలంమీద, ఆ నున్నటి గోడమీద. చివరికి వీధిలో బస్సు వెళ్ళిన చప్పుడు ఎడమ చెవికి వినపడితే, వీధి ఎడమవైపుందని లెక్క వేసుకుని, స్నానాలగది తలుపు వెతికి పట్టుకుంది.

బుధవారం నాడు ఇళ్ళ బ్రోకరు వచ్చాడు. నడిచినంతసేపూ జేబులో తాళాలు గలగలమనే మనిషి. ఇల్లంతా తిరిగి చూసి, "మేస్త్రిగారూ, అద్దంలా చేశారు. ఆదివారం మధ్యాహ్నం ఒక జంటని తీసుకొస్తా. ఆవిడ ఆస్పత్రిలో నర్సు, ఆయన బడిలో లెక్కల మేష్టారు. చలికాలంలో ఇల్లు చూడ్డానికొచ్చారంటే కాలక్షేపానికొచ్చేవాళ్ళు కాదు, నిజంగా కొనేవాళ్ళే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి పోస్టమ్మతో, "అమ్మగారూ, ఒక్క మనవి. ఇల్లు మీరే చూపించాలి. మేస్త్రిగారిని మాత్రం నోరు తెరవనివ్వకండి. పోయినసారి ఆయన వాళ్ళ స్నేహితుడి ఇల్లు చూపిస్తూ, ఇదిగో ఇక్కడ బీటలిచ్చింది, ఇక్కడ చెమ్మ వచ్చింది, నేనే పూడ్చాను అని గోడగోడకీ చరిత్ర చెప్పారు. కొనడానికొచ్చినవాళ్ళు టీ కూడా తాగకుండా పారిపోయారు" అన్నాడు.

పోస్టమ్మ మనసులో లెక్కేసుకుంది. గుర్తులన్నీ చెరిగిపోయిన ఇల్లు, ముక్కూమొహం కనిపించని కొత్తవాళ్ళు, ముందు నడవాల్సింది తను. "దానికేం భాగ్యం, చూపిస్తాను" అంది.

గురువారం మేస్త్రి ముందుగదిలోకి పిలిచాడు. ఆ గదికి ఏ రంగెయ్యాలో తేలక రెండు రంగులు చెరో చోటా ఒక్కో చెయ్యి పూసి చూసుకుంటున్నాడు. "ఏది వేద్దామే? నువ్వే చెప్పు" అన్నాడు. పోస్టమ్మ గది మధ్యలో నిలబడి, తల కాస్త ఓరగా తిప్పి, గోడవంక చూసినట్టు చూసింది. ఇలాంటి ప్రశ్నలకి ఆమె దగ్గర ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది.

"కుడివైపుదే బాగుంది" అంది. అంతటితో ఊరుకోవచ్చుగా? అబద్ధానికి బలం రావాలని, "ఎడమది మరీ పాలిపోయినట్టుంది, జ్వరం వచ్చి లేచిన మనిషిలా" అని కూడా అంది.

మేస్త్రి ఏమీ అనలేదు. అతను ఎక్కడ నిలబడ్డాడో కూడా ఆమెకి సరిగ్గా తెలియలేదు.

"సరే. కుడివైపుదే" అన్నాడు చివరికి. గొంతు ఆమె వీపు వెనక నుంచి వచ్చింది.

శుక్రవారం పొద్దున ముందుగది ఊడుస్తూ, ఊతానికని వెనకవైపు గోడమీద చెయ్యి ఆనించింది. అరచేతికి జిగురుగా అంటుకుంది. ఇంకో అడుగు జరిగి తడిమితే అక్కడా అంటుకుంది. చలికి ఆరని రెండు రంగు మచ్చలు, ఈ గోడమీద. నిన్న తను చూసి, ఎంచి, వంక కూడా పెట్టింది దీని ఎదుటి గోడకి. దానిమీద ఏమీ లేదు. చీపురు చేతిలోంచి జారిపోయింది. అక్కడే నేలమీద చతికిలబడింది. తెలిసిపోయింది ఆయనకి. తెలిసీ, సరే అన్నాడు.

ఆ రోజంతా అతను ఫోన్ తీస్తాడేమోనని చెవులు రిక్కించుకుని కూర్చుంది. తియ్యలేదు. శనివారం కూడా తియ్యలేదు. మెట్లమీద మాత్రం స్క్రూడ్రైవరు చప్పుడు చాలాసేపు వినపడింది, నడవాలో సుత్తి దెబ్బలు నాలుగు వినపడ్డాయి. ఇంకా ఏం నున్నగా చెయ్యడం మిగిలిందో అనుకుని నీరసంగా మంచంమీద గోడవైపు తిరిగి పడుకుంది.

ఆదివారం పొద్దున కిందికి దిగుతుంటే ఎనిమిదో మెట్టు కిర్రుమంది.

పోస్టమ్మ ఆ మెట్టుమీదే ఆగిపోయింది. కాలు తీసి మళ్ళీ వేసింది. కిర్రుమంది. కిందికెళ్ళి నడవాలో గోడ తడిమింది. పాతచోటే మేకు ఉంది, దానికి తువ్వాలు వేలాడుతోంది. బీరువా పాత మూలలోకి వెళ్ళిపోయింది. ఉప్పు డబ్బా తన అరలోకి తను వచ్చేసింది. వంటింటి తలుపు తోస్తే కింద ఏదో చెక్క ముక్క కొట్టినట్టున్నాడు, పట్టేసింది, భుజంతో తొయ్యాల్సి వచ్చింది. లోపల మేస్త్రి టీ కాస్తున్నాడు.

"లేచావా?" అన్నాడు.

"లేచాను" అంది. ఇద్దరూ టీ తాగారు. మధ్యాహ్నం మనుషులొస్తారు, ఈ గొడవ పెట్టుకునే వేళ కాదు. కానీ ఆమెకి సంతోషంతో పాటు బెంగ కూడా పట్టుకుంది. ఈ ఒక్క పూటా గండం గట్టెక్కించడానికే చేశాడు. ఇల్లు అమ్ముడుపోతే రాత్రికి అమ్మాయికి ఫోన్ చేసి చెప్పేస్తాడు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు.

మూడింటికి బ్రోకరు తాళాలు గలగలలాడించుకుంటూ వచ్చాడు. వెనకాల నర్సు, మేష్టారు. పోస్టమ్మ ఎదురెళ్ళి, వాళ్ళ గొంతులు వినపడ్డ వైపు నవ్వి, లోపలికి తీసుకెళ్ళింది. ఇక చూడాలి ఆమెని! "ఇదిగోండి వంటిల్లు, చలికాలం తలుపు కాస్త మొరాయిస్తుంది, ఇలా ఒక్క తోపు తొయ్యండి చాలు." "ఇదిగో స్నానాలగది." "అటు కిటికీలోంచి పొద్దుటి ఎండ సరిగ్గా ఈ బల్లమీద పడుతుంది." ఒక్కచోట తడబడలేదు. మేష్టారు అడిగినవాటికల్లా జవాబు చెప్పింది. నర్సు మాత్రం పెద్దగా మాట్లాడలేదు. నడవాలో పోస్టమ్మ చెయ్యి మేకుమీద ఆగినప్పుడు ఆమె అడుగులు కూడా ఆగాయి.

మేస్త్రి అందరికన్నా వెనకాల, బ్రోకరు కళ్ళెర్రజేసిన దగ్గర్నుంచీ నోటికి తాళం వేసుకుని వస్తున్నాడు. మెట్లెక్కుతుంటే ఎనిమిదోది కిర్రుమంది. ఒకరి తర్వాత ఒకరు కాలు వేసినప్పుడల్లా ఆ కొత్త రంగుల ఇంట్లో దాని చప్పుడే పెద్దగా వినపడింది.

"ఇంత బాగా చేయించి, ఈ ఒక్క మెట్టూ ఇలా వదిలేశారేంటండీ?" అన్నాడు మేష్టారు.

అప్పుడు వెనక నుంచి మేస్త్రి గొంతు వినపడింది.

"చేతకాలేదండీ" అన్నాడు. "చాలా తంటాలు పడ్డాను. నాకు చేతకాలేదు."

బ్రోకరు గట్టిగా దగ్గాడు. పోస్టమ్మ మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. ఒకసారి ఒక ఇంటి యజమాని ఈ మూల సరిగ్గా రాలేదయ్యా అన్నందుకు, ఇచ్చిన కూలి వెనక్కిచ్చేసి గోడంతా మళ్ళీ వేసొచ్చిన మనిషి. చేతకాదు అనే మాట అతని నోట ఆమె ఈ జన్మలో వినలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఎవరికీ కనిపించకుండా గబగబా పై మెట్టెక్కింది.

ఇల్లు వాళ్ళకి నచ్చింది. కాగితాల సంగతి బ్రోకరుతో మాట్లాడుకుంటామన్నారు. గుమ్మం దగ్గర నర్సు పోస్టమ్మ చెయ్యి పట్టుకుని, "మెట్టు అలాగే ఉండనివ్వండి పెద్దమ్మా, బాగు చేయించకండి. మేం వచ్చేదాకా మీరు తిరగాలిగా" అని మెల్లగా చెవిలో చెప్పి వెళ్ళిపోయింది.

తలుపు వేశాక ఇద్దరూ వంటింట్లో బల్ల దగ్గర కూలబడ్డారు. వారాల అలసటంతా ఒక్కసారి మీదపడ్డట్టయింది. బయట అప్పుడే వెలుగు పోతోంది, దీపం వెయ్యడానికి కూడా ఎవరికీ ఓపిక లేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు మేస్త్రి.

"రెండేళ్ళు."

"రెండేళ్ళా! నాతో ఒక్క ముక్క చెప్పలేదే? నేనేం పరాయివాణ్ణా?"

"చెప్తే ఏం చేసేవాళ్ళు? అమ్మాయింట్లో కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళు. మీరే అన్నారుగా. ఫోన్ అక్కడే ఉంది, చేసేయండి. ఇచ్చిన మాట నిలబెట్టుకోండి!" పోస్టమ్మ బల్లమీద చరిచింది. "వంట నేనే చేస్తున్నా. ఇల్లు నేనే ఊడుస్తున్నా. ఇవాళ నలుగురికీ ఇల్లు చూపించా. నాకేం తక్కువైంది? కళ్ళు పోతే మనిషినంతా మూలన పడేస్తారా?"

మేస్త్రి, వచ్చినవాళ్ళకి కాచగా మిగిలిన టీ గ్లాసు ఆమె వైపు జరిపాడు. అందుకోబోతే ఆమె చేతికి అతని ఎడమచెయ్యి తగిలింది. కుడిచేతివాటం మనిషి. ఇప్పుడు తలుచుకుంటే, కొన్నాళ్ళుగా గ్లాసు ఎప్పుడూ ఎడమచేత్తోనే ఇస్తున్నాడు. ఆమె బల్లమీద తడుముతూ పోయి కుడిచెయ్యి పట్టుకుంది. మణికట్టు, మోచెయ్యి, భుజం దాకా వేళ్ళతో వెతికింది. భుజం గట్టిగా, వేడిగా, వాచిపోయి ఉంది. చెయ్యి కాస్త ఎత్తబోతే అతను అబ్బా అన్నాడు.

"ఇదేంటి? ఎప్పటి నుంచి?"

"ఎండాకాలం నుంచి" అన్నాడు నసుగుతూ. "భుజం దాటి పైకి లేవదు. నాలుగు గీతలు గీస్తే ప్రాణం పోతోంది. అంతా ఎడమచేత్తోనే లాక్కొచ్చాను."

"మరి పైకప్పులు?"

మేస్త్రి తల దించుకున్నాడని అతని గొంతునిబట్టి తెలిసింది. "ఒక్క పూతే వేశాను. ముందుగదికీ, పడగ్గదికీ కూడా. కింద నిలబడి చూస్తే పాత రంగు చారలు చారలుగా కనిపిస్తూనే ఉంది. రోజూ నువ్వెక్కడ తలెత్తి చూస్తావో, ఏంటండీ ఇది, ఇంకోపూత మేస్త్రి ఒక్క పూతతో సరిపెట్టాడేంటి అని ఎక్కడ పట్టేస్తావోనని భయపడి చచ్చానే."

పోస్టమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ముందు నవ్వే వచ్చింది. కనిపించనిది పట్టేస్తుందని ఆయన భయం, కనిపించడం లేదని పట్టేస్తాడని తన భయం. నెలన్నరపాటు ఒకరికొకరు దొంగల్లా తప్పించుకు తిరిగారు. నవ్వి నవ్వి ఊపిరాడక ఆగింది.

"ఇంకోటి కూడా చెప్పెయ్యనీ" అన్నాడతను. "అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోదామని నీ కళ్ళ వంక పెట్టి అన్నాను గానీ, అది నాకోసమే అన్నాను. ఈ చెయ్యి పడిపోతే నేనెందుకు పనికొస్తానే? కనీసం అక్కడైతే తిండి పెడతారని. నువ్వు నన్నెక్కడ మోస్తావు?"

ఆమె అతని భుజంమీద చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చుంది. గదిలో పూర్తిగా చీకటి పడింది, అది ఆమెకి పెద్ద తేడా ఏమీ కాదు. నర్సమ్మ చెప్పిన మాట, మేష్టారి ప్రశ్న, ఇతను చెప్పిన జవాబు అన్నీ మనసులో తిరుగుతున్నాయి. చచ్చేంత అలసటగా ఉంది. కానీ రెండేళ్ళ తర్వాత మొదటిసారి, దాచాల్సింది ఏమీ లేదు.

ఫోన్ మోగింది. ఆదివారం సాయంత్రం కూతురు చేసే ఫోన్. మేస్త్రి లేవబోయాడు. "మీరు కూర్చోండి" అని పోస్టమ్మ లేచి, బల్ల అంచు పట్టుకుని వెళ్ళి, ఫోన్ తీసింది.

"ఇల్లు చూశారా అమ్మా? నచ్చిందా వాళ్ళకి?"

"నచ్చింది."

"హమ్మయ్య! మరి వెనక గది శుభ్రం చేయించమంటావా? నాన్నేమంటున్నాడు? నీ కళ్ళెలా ఉన్నాయి?"

"నా కళ్ళు పోయాయి తల్లీ. మీ నాన్నకి చెయ్యి పోయింది" అంది పోస్టమ్మ. "కంగారు పడకు. ఆయన కళ్ళు బాగున్నాయి, నా చేతులు బాగున్నాయి. ఇద్దరం కలిస్తే ఒక మనిషి లెక్కకొస్తాం. ఆ ఒక్క మనిషికీ రెండు గదులు చాలు. బజారు వెనక ఇంటికే వెళతాం."

"అదేంటమ్మా అలా మాట్లాడతావు!" కూతురి గొంతులో ఏడుపు వినపడింది. "ఇవాళ ఇద్దరున్నారు కాబట్టి సరే. రేపు ఇద్దర్లో ఒకళ్ళు లేకపోతే? అప్పుడేం చేస్తారు?"

పోస్టమ్మ వెనక్కి తిరిగింది. బల్ల దగ్గర కుర్చీ కదిలిన చప్పుడైంది. మేస్త్రి కూడా వింటున్నాడు.

"అప్పుడొచ్చి, మిగిలిన సగాన్ని తీసుకెళ్ళు" అంది.